ఎండుటాకులను అక్కడే ఉండనివ్వండి

పోయిన నెలలో ఒక ఆదివారం ఉదయం హైదరాబాద్ కేబీఆర్ పార్కు గేటు దగ్గర మాస్టారు నా చేతిలో ఒక కాగితం పెట్టి, "చదివి కింద సంతకం చేయమ్మా" అన్నారు. అప్పటికే దాని మీద నలభై దాకా సంతకాలు ఉన్నాయి. అధికారులకు రాసిన వినతి అది. కోరికలు మూడు. నడక దారికి రెండు పక్కలా పదేసి అడుగుల మేర పొదలు కొట్టించాలి. రాలిన ఆకులను ఏ రోజుకు ఆ రోజు ఎత్తి బయటికి పంపాలి. మసక వెలుతురులో నడిచే పెద్దవాళ్ల కోసం దారి పొడవునా దీపాలు పెట్టించాలి.

మాస్టారు ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. పదకొండేళ్లుగా నాకు నడకలో తోడు. ఆయన మాటను తేలిగ్గా తీసెయ్యలేను. పైగా ఆ కాగితం ఊరికే పుట్టలేదు. అంతకు రెండు వారాల ముందు, దారి మలుపులో, ఆయన వెయ్యబోయే అడుగుకు జానెడు దూరంలో ఆకుల మధ్య ఒక రక్తపింజర చుట్ట చుట్టుకుని ఉంది. పక్కనున్నాయన చెయ్యి పట్టి వెనక్కి లాగారు. ఆ తరవాత నాలుగు రోజులు మాస్టారు నడకకు రాలేదు.

"ఇంటికి తీసుకెళ్లి చదివి ఇస్తాను మాస్టారూ" అన్నాను. నాలుగు వారాలైంది. ఇంకా సంతకం చేయలేదు. ఎందుకు చేయలేకపోతున్నానో గేటు దగ్గర నిలబడి రెండు మాటల్లో చెప్పడం నాకు చేతకాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అంతకు ముందు చేసిన సంతకం

ఇలాంటి కాగితం మీద నేను ఇదివరకు ఒకసారి సంతకం చేశాను. మా కాలనీ పార్కు సంగతి. మొత్తం ఎకరంన్నర ఉంటుంది. అందులో తూర్పు మూల ఒకటి ఎవరూ పట్టించుకోకుండా మిగిలిపోయింది. నాలుగు వేపచెట్లు, ఒక రేల, సీతాఫలం పొదలు, బలుసు కంప, మధ్యలో నడుమెత్తు చెదపుట్ట. ఆ మూలను అందరం 'పిచ్చిచెట్ల మూల' అనేవాళ్లం. అక్కడ పాములుంటాయని, దోమలు పుడతాయని, సాయంత్రాలు కుర్రాళ్లు చేరి తాగుతున్నారని ఫిర్యాదులు. మూడూ కొంత నిజమే. శుభ్రం చేయించమని అందరం రాసిచ్చాం. అందరిలో నేనూ ఉన్నాను.

ఒక్క పూటలో అయిపోయింది. పొద్దున జేసీబీ వచ్చింది, మధ్యాహ్నానికి ఎర్రమట్టి మిగిలింది. వేపచెట్లను ఉంచారు. వాటి చుట్టూ సిమెంటు అరుగులు కట్టారు. మిగతా చోట కార్పెట్ గడ్డి పరిచారు. ప్రారంభం రోజున లడ్డూలు పంచారు. నాకూ సంతోషంగానే ఉంది, దాచను.

ఆ ఎండాకాలం నుంచి ఒక్కొక్కటే తెలిసి రావడం మొదలైంది. మా వంటింటి కిటికీలోంచి తెల్లవారుజామున వినబడే జెముడుకాకి కూత ఆగిపోయింది. బలుసు కంపలో ఏటా గూడు కట్టే పిగిలిపిట్టలు కరెంటు తీగల మీద కొన్నాళ్లు తిరిగి, తరవాత కనబడలేదు. పిల్లలతో సహా గోడ పక్కగా పరుగెత్తే ముంగిస ఏమైందో తెలియదు. అంతకు ముందు ఆ మూలకు ఎవరూ చెంబుడు నీళ్లు పోసింది లేదు. ఇప్పుడు గడ్డి బతకాలంటే వేసవిలో ట్యాంకరు రావాలి. దోమలు తగ్గాయని మాత్రం ఎవరూ అనలేదు. అవి పుట్టేది నిలవనీళ్లలో, సీతాఫలం పొదల్లో కాదు.

ఆ పార్కు ఊడ్చే ఆవిడ ఒకరోజు నాతో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "ఇదివరకు ఆ మూల ఆకు ఊడ్చేదాన్ని కాదమ్మా. ఆకు కింద చెయ్యి పెడితే మే నెలలో కూడా తడి తగిలేది. ఇప్పుడు చూడండి, చీపురు తగిలితే దుమ్ము లేస్తోంది." ఆ నేలను అందరికన్నా దగ్గరగా చూసింది ఆవిడ. కాగితం రాసేటప్పుడు ఆవిడను ఎవరమూ అడగలేదు.

ఎకరంన్నర పార్కులో ఒక మూల పోయింది. మళ్లీ పెంచుకోవచ్చు అనుకుందాం. కేబీఆర్ విషయంలో అలా అనుకోలేను.

ఉద్యానవనం అనే మాట

మనం దాన్ని పార్కు అంటాం. బోర్డుల మీద తెలుగులో 'జాతీయ ఉద్యానవనం' అని ఉంటుంది. చిక్కు ఇక్కడే మొదలైందని నాకు అనిపిస్తుంది. ఉద్యానం అంటే మన మనసులో పడే బొమ్మ వేరు: పాదులు, కత్తిరించిన కంచెలు, ఊడ్చిన బాటలు, తోటమాలి. చట్టం ఆ మాటతో చెప్పదలచుకున్నది వేరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేషనల్ పార్కు అంటే వన్యప్రాణి అభయారణ్యం కన్నా కూడా గట్టి కట్టుబాట్లున్న అడవి. అక్కడి వన్యప్రాణుల ఆవాసాన్ని పాడుచేయడానికి గాని, అటవీ ఉత్పత్తిని తీసుకుపోవడానికి గాని వీల్లేదు. ఏదైనా తీయాల్సి వస్తే అది అక్కడి జీవుల మేలు కోసమే అయి ఉండాలి. అటవీ ఉత్పత్తి అనే మాటకు అటవీ చట్టం చెప్పే అర్థంలో చెట్ల ఆకులు కూడా ఉన్నాయి. అంటే మాస్టారి కాగితంలో రెండో కోరిక, రోజూ ఆకులు ఎత్తి బయటికి పంపడం, ఇంటి వాకిలి ఊడ్చినంత మామూలు పని కాదు.

1998లో దీన్ని జాతీయ పార్కుగా ప్రకటించారు. నిజాం వారసుల చిరాన్ ప్యాలెస్ చుట్టూ ఉన్న నేల అది. నాలుగు వందల ఎకరాలకు లోపే. అటు జూబ్లీహిల్స్, ఇటు బంజారాహిల్స్, చుట్టూ ఆగని ట్రాఫిక్. ఆ మధ్యలో అలుగు, పునుగుపిల్లి, ముళ్లపంది, అడవిపిల్లి, ఉడుము, కుందేలు, కొండచిలువ, లెక్కలేనన్ని నెమళ్లు. రాత్రిళ్లు తిరిగే ఈ జంతువుల్లో చాలావాటిని పదకొండేళ్లలో నేను ఒక్కసారి కూడా చూడలేదు. ముళ్లపంది ముల్లు ఒకటి దొరికితే చూసి, దొరికిన చోటే పెట్టాను. చూడలేదు కాబట్టి లేవని కాదు. మనం చూడలేకపోవడం వల్లే అవి ఉన్నాయి.

ఈ అడవి పచ్చగా ఉండే అడవి కూడా కాదు. దక్కను గట్టు మీది ముళ్లపొదల అడవి. బండలు, ఆ బండల మధ్య పలుచని మట్టి, అందులో మోదుగ, రేల, చందనం, సీతాఫలం, పరికి కంప, తంగేడు. మాఘం దాటగానే ఆకు రాల్చేసి, కట్టెపుల్లల్లా నిలబడతాయి. "చెట్లన్నీ చచ్చిపోతున్నాయి, నీళ్లు పెట్టరెందుకు?" అని కొత్తగా వచ్చినవాళ్లు అడగడం ఏటా వింటాను. అవి చావడం లేదు. నీళ్లు లేని కాలాన్ని ఆకులు వదిలేసి దాటుతున్నాయి. వదిలిన ఆకును కాళ్ల కిందే దుప్పటిలా కప్పుకుని వానల కోసం చూస్తున్నాయి. ఆ దుప్పటినే మనం చెత్త అంటున్నాం.

ఆకు కింద

రెండేళ్ల కిందట అక్టోబరులో, నడక దారికి ఇరవై అడుగుల లోపల, ఎవరో ఎండుటాకులను ఒక్కొక్కటే తిరగేస్తున్న చప్పుడు వినిపించింది. ఉడుతేమో అనుకున్నాను. కాసేపు కదలకుండా నిలబడితే కనబడింది. తోక ఉందా లేదా అన్నంత పొట్టి తోక, ఆకుపచ్చ వీపు, రెక్క మీద నీలం మరక, పొట్ట కింద ఎర్రటి రంగు, కంటికి కాటుక గీత. గెంతుతూ పోయి, ముక్కుతో ఆకును పక్కకు విసిరి, కింద ఉన్న పురుగును అందుకుని, మళ్లీ గెంతు.

పక్షుల పుస్తకాల్లో దాని పేరు ఇండియన్ పిట్టా. ప్రపంచంలో ఈ జాతి పక్షులన్నింటికీ శాస్త్రజ్ఞులు వాడే 'పిట్టా' అనే పేరు మన తెలుగు 'పిట్ట' నుంచి వెళ్లింది. ఉత్తరాన, మధ్య భారతంలో గూళ్లు పెట్టి, చలికాలానికి దక్షిణానికీ సింహళానికీ వెళ్తుంది. తెల్లవారుజామున, పొద్దువాలే వేళ కూస్తుందని తమిళులు దాన్ని 'ఆరు గంటల పిట్ట' అంటారు. వందల మైళ్ల ప్రయాణంలో ఒక రోజో, రెండు రోజులో మా ఊళ్లో దిగిన ఆ చిన్న ప్రాణానికి కావలసింది ఏమిటి? పూలకుండీలు కాదు, ఫౌంటెన్లు కాదు. నీడన, తడి ఆరని, ఊడ్వని నేల. ఆకు కింద పురుగు. అంతే. మా కాలనీ పార్కులో దిగి ఉంటే దానికి ఆకలే మిగిలేది.

ఆ రోజు నుంచి నేను ఆ నేలను చూసే తీరు మారింది. ఎండుటాకును చెదలు తింటాయి. చెదలనూ చీమలనూ అలుగు తింటుంది. ఆకుల్లోని మిడతలను, చిన్న బల్లులను నెమలి ఏరుకుంటుంది. కౌజుపిట్ట ఆ ఆకుల రంగులోనే ఒదిగిపోయి పొదిగే రోజులు గడుపుతుంది. నైట్‌జార్ అనే రాత్రి పక్షికి గూడు కట్టే అలవాటే లేదు, నేల మీద ఆకుల మధ్యే గుడ్లు పెడుతుంది. ఒక్క చీపురుతో ఇన్ని ఇళ్లు పోతాయి. చీపురు పట్టిన మనిషికి గాని, పట్టించిన మనకు గాని ఆ సంగతి తెలియను కూడా తెలియదు.

ఎండిన మానుల కథా అంతే. చచ్చిన కొమ్మ కనబడితే కొట్టించెయ్యాలని మనకు చెయ్యి దురద పెడుతుంది. వడ్రంగిపిట్ట, కంసాలిపిట్ట తొర్ర తొలిచేది అలాంటి మెత్తబడిన కట్టెలోనే. అవి ఖాళీ చేశాక ఆ తొర్రలో చిలకో, గోరింకో, పైడికంటో కాపురం పెడుతుంది. దారి మీద విరిగి పడేలా ఉన్న కొమ్మను తీయాల్సిందే, అందులో వాదన లేదు. అడవి లోపల నిలబడి ఉన్న ఎండుమానును మాత్రం ముట్టుకోకూడదు.

పుట్ట సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. నాగుల చవితికి మనం పుట్ట వెతుక్కుంటూ వెళ్లి పాలు పోస్తాం, చలిమిడి పెడతాం. ఊళ్లో పుట్టలు మిగలక, ఈ మధ్య మట్టితో పుట్ట చేసి పెడుతున్న చోట్లు కూడా చూశాను. ఏటా ఒక రోజు దండం పెట్టే పుట్టనే మిగతా రోజుల్లో తవ్వించమని రాస్తున్నాం. మా అమ్మ బతికి ఉన్నన్నాళ్లూ చీమలకు నూక చల్లేది. ఆవిడ పోయాక నేనూ కొన్నాళ్లు పార్కుకు పొట్లంలో రవ్వ, చక్కెర తీసుకెళ్లి పుట్టల దగ్గర చల్లాను. అది అమ్మను తలుచుకునే పద్ధతి నాకు. ఆ పిండి కోసం ఎలుకలు, పావురాలు, కాకులు చేరడం కళ్లారా చూశాక మానేశాను. మానడం కష్టమే అయింది. నెమళ్లకు గింజలు వేసేవాళ్లను చూస్తే ఇప్పుడు కోపం రాదు. ఆ ప్రేమ ఎక్కడి నుంచి వస్తుందో నాకు తెలుసు. చేతిలో గింజలకు అలవాటు పడిన నెమలి గేటు దాటి రోడ్డు మీదికి రావడం కూడా నాకు తెలుసు.

మాస్టారి వైపు నుంచి

ఇంత రాశాక ఆగి మాస్టారి వైపు నుంచి చూడాలి. ఆయనకు డెబ్బై నాలుగేళ్లు. ఆయన భయం కల్పన కాదు. మన దేశంలో పాముకాటుతో ఏడాదికి సగటున 58,000 మంది చనిపోతున్నారని ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. చనిపోయేవాళ్లలో ఎక్కువ మంది పొలాల్లో పనిచేసే పల్లెవాళ్లు, నిజమే. అయినా ఎండుటాకుల్లో రక్తపింజరను గుర్తుపట్టలేకపోవడం పల్లెలోనూ ఒకటే, జూబ్లీహిల్స్‌లోనూ ఒకటే. ఈ విషయంలో నేను దిగివస్తాను. నడిచే దారి మీద ఆకు ఉండకూడదు. దారిని రోజూ ఊడ్వాలి, ఊడ్చిన ఆకును బయటికి పంపకుండా రెండు పక్కలకూ నెట్టాలి. దారి మనది, దారి అంచు దాటితే వాటిది. మాస్టారి కాగితం ఆ అంచును పదడుగులు లోపలికి జరపమంటోంది. వచ్చే ఏడు ఇంకొకరు ఇంకో పదడుగులు అడుగుతారు.

నిప్పు సంగతి మరో పేచీ. "ఇన్ని ఎండుటాకులుంటే ఒక్క సిగరెట్టు పీక చాలదూ?" అని మాస్టారే అన్నారు. నాకు దీనికి వెంటనే జవాబు దొరకలేదు. వేసవిలో మన అడవులన్నింటికీ ఉన్న భయమే ఇది. అటవీ శాఖవాళ్లు దీనికి ఎప్పటి నుంచో చేస్తున్న పని ఉంది. వేసవికి ముందే అడవిని ముక్కలు ముక్కలుగా విడదీస్తూ సన్నటి పట్టీలు గీస్తారు, ఆ పట్టీల మీద మాత్రమే ఆకు లేకుండా తీసేస్తారు. నిప్పు పుడితే ఆ గీత దగ్గర ఆగాలని. ఫైర్ లైన్లంటే అవే. మొత్తం అడవిని ఊడ్చేయడానికీ, గీత గీసి ఆకును కాపాడుకోవడానికీ ఉన్న తేడా అందులో ఉంది. ఇక సిగరెట్టు పీక గేటు దగ్గర ఆపాల్సిన వస్తువు.

మూడో ఆక్షేపణ నాకే తోచింది, దీని దగ్గరే ఎక్కువ తడబడ్డాను. 'ఏమీ ముట్టుకోవద్దు' అంటే లంటానా సంగతి ఏమిటి? 19వ శతాబ్దం మొదట్లో పూల అందం చూసి తోటల కోసం తెచ్చిన మొక్క అది. ఇప్పుడు దేశంలోని అడవుల్లో కింద ఏదీ మొలవనివ్వకుండా అల్లుకుపోయింది. వయ్యారిభామ, సుబాబుల్ కూడా అలాంటివే. వదిలేస్తే అవే మిగులుతాయి. మా అక్క కూతురు న్యూజెర్సీలో ఉంటుంది. అక్కడికి వెళ్లినప్పుడు న్యూయార్క్ సెంట్రల్ పార్కులో హాలెట్ వనం అనే చిన్న మూలను చూపించింది. నాలుగెకరాలు. 1934లో పక్షుల కోసమని జనం రాకుండా మూసేశారు. దశాబ్దాల పాటు ఎవరూ పట్టించుకోకపోయేసరికి, బయటి నుంచి వచ్చిన తీగలూ చెట్లూ దాన్ని కమ్మేశాయి. 2001 నుంచి వాటిని ఓపికగా తీసి, అక్కడి నేలకు చెందిన మొక్కలు పెంచి, ఆ తరవాతే మళ్లీ కొద్ది కొద్దిగా మనుషులను రానిచ్చారు. నేను వెళ్లిన రోజు అక్కడ పడిపోయిన మాను ఒకటి అలాగే ఉంది, దాని మీద పుట్టగొడుగులు పెరుగుతున్నాయి. ఆ మహానగరం నడిబొడ్డున, అంత ఖరీదైన నేల మీద, పడిపోయిన మానును పడినట్టే వదిలేశారు.

కాబట్టి చేతులు కట్టుకుని కూర్చోమని నేను అనడం లేదు. లంటానా తీయాలి. అయితే తీసే పద్ధతి ఉంది. ఇన్నేళ్లుగా ఆ పొదల్లోనే పిగిలిపిట్టలు గూళ్లు కట్టుకుంటున్నాయి, ఆ నీడలోనే కుందేళ్లు దాక్కుంటున్నాయి. ఒక్కసారిగా బోడి చేస్తే అవి ఎక్కడికి పోతాయి, చుట్టూ రోడ్లే కదా. గూళ్ల కాలం దాటాక కొంత మేర తీసి, ఆ చోట పరికి, బలుసు, తంగేడు నిలదొక్కుకున్నాక మరికొంత. దీనికి మొక్కను చూసి పేరు చెప్పగల మనిషి కావాలి. జేసీబీ చేసే పని కాదు.

దీపాల విషయంలో మాత్రం నాకు రెండో ఆలోచన లేదు. రాత్రి ఒక్కటే ఆ జంతువులకు మిగిలిన పొద్దు. చుట్టూ ఉన్న రోడ్ల వెలుతురు ఇప్పటికే గోడ దాటి లోపలికి పడుతోంది. చేతిలో టార్చి ఉంటే మన అడుగు మనకు కనబడుతుంది.

లెక్కలోకి రానివి

"ఒక పక్క ఫ్లైఓవర్లు వస్తుంటే నువ్వు ఆకుల గురించి మాట్లాడుతున్నావా?" అని మా తమ్ముడు అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. 2016లో పార్కు చుట్టూ ఆరు కూడళ్లలో ఫ్లైఓవర్ల ప్రతిపాదన వచ్చినప్పుడు మూడు వేలకు పైగా చెట్లు పోతాయని అప్పట్లో లెక్కలు వినిపించాయి. జనం చేతులు పట్టుకుని పార్కు చుట్టూ నిలబడ్డారు. హరిత ట్రిబ్యునల్ స్టే ఇచ్చింది. 2020లో పార్కు చుట్టూ, కట్టడాలకు ఆంక్షలుండే పర్యావరణ సున్నిత ప్రాంతాన్ని ఖరారు చేసినప్పుడు దాని వెడల్పు కొన్ని చోట్ల 29.8 మీటర్లు, కొన్ని చోట్ల 3 మీటర్లు. మూడు మీటర్లంటే మా వంటగది అంత. ఇప్పుడు మళ్లీ అవే కూడళ్లలో ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌ల మాట నడుస్తోంది.

ఆకులకూ ఫ్లైఓవర్లకూ మధ్య నాకు కనబడే సంబంధం ఇది. ఎక్కడ ఇలాంటి పని మొదలైనా ముందు చెట్లు లెక్కపెడతారు. ఇన్ని కొడతాం, ఇన్ని వేరే చోటికి తరలిస్తాం, ఒక్కోదానికి బదులు ఇన్ని మొక్కలు నాటుతాం. మాను చుట్టుకొలతకు అందేవన్నీ లెక్కలోకి వస్తాయి. పొద రాదు. పుట్ట రాదు. ఎండుమాను రాదు. ఆకుల దుప్పటి అసలే రాదు. ఇవేవీ కాగితం మీద లేవు కనుక, కాగితం ప్రకారం అక్కడ పోయేదేమీ లేదు. 2025లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం పక్కనున్న కంచ గచ్చిబౌలి నాలుగు వందల ఎకరాల్లో యంత్రాలు దిగినప్పుడు కూడా రికార్డుల ప్రకారం అది అటవీ భూమి కాదన్నదే వాదన. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమనే లోపే చాలా మేర నేల చదునైపోయింది. 'కంచ' అనే మాటలోనే ముళ్ల పొదలున్న మేతనేల ఉంది. తరతరాలుగా దానికి పేరుంది, విలువ లేదు. దాన్ని ఖాళీ స్థలం అని అనగలిగేది, మా కాలనీలో మేం 'పిచ్చిచెట్ల మూల' అన్నట్టే, ఆ పొదలను ఏమీ కానివిగా చూసినవాళ్లే. ఆ చూపు అధికారులకే కాదు, పొద్దున్నే అడవిలో గాలి పీల్చుకోవడానికి వచ్చే మనకూ ఉంది. మనమే పొదను చెత్త అంటే, రేపు రోడ్డు వేసేవాళ్లు 'అక్కడున్నది చెత్తే కదా' అన్నప్పుడు ఏమని ఎదురు చెప్తాం?

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. 2016లో రోడ్డు మీద నిలబడినవాళ్లలో చాలామంది రోజూ అక్కడ నడిచేవాళ్లే. మాస్టారూ నిలబడ్డారు, మే ఎండలో గొడుగు పట్టుకుని. మనుషులను పూర్తిగా బయట పెట్టేస్తే ఆ అడవి కోసం నిలబడేవాళ్లు ఉండరు. కాబట్టి నడకను ఆపమని నేను ఎప్పటికీ అనను. ఉన్న దారి చాలు, ఇంకో కొత్త దారి వద్దు, వెడల్పు వద్దు అంటాను. కార్తీక మాసంలో వనభోజనాలకు అడవి పార్కులు వద్దంటాను, ఉసిరి చెట్టు ఉన్న తోటలు వేరే ఉన్నాయి. వారానికి ఒక రోజు గేట్లు మూయమంటాను. మన జూ పార్కుకు సోమవారం సెలవు. బోనుల్లో ఉన్న జంతువులకు వారంలో ఒక రోజు మనుషులు కనబడని పగలు దొరుకుతోంది. బోను లేని వాటికి దొరకడం లేదు. వారంలో ఆ ఒక్క రోజు మనం రోడ్డు పక్కన నడుద్దాం.

ఈ సెలవు మాట చెప్పినప్పుడు మా నడక మిత్రుల్లో ఇద్దరు కోప్పడ్డారు. "పన్నులు కట్టేది మేం, కుందేళ్లు కాదు" అని ఒకాయన గట్టిగానే అన్నారు. ఆయనకు గుండె ఆపరేషను అయింది, నడక మానొద్దని డాక్టరు చెప్పారు. ఆయన్ని తప్పుపట్టలేను. ఈ నగరంలో నడవడానికి చెట్టు నీడ ఉన్న దారులు ఇంకా ఉంటే, ఒక్క అడవి మీద ఇంతమంది బరువు పడేది కాదు. కాలనీకొక నీడ ఉన్న నడక బాట అడగాల్సింది నగరపాలక సంస్థను. ఆ కాగితం ఎవరైనా రాస్తే మొదటి సంతకం నాదే.

నిన్న పొద్దున మాస్టారికి ఆయన కాగితం తిరిగి ఇచ్చేశాను. దాంతోపాటు నేను రాసిన ఇంకో కాగితం కూడా ఇచ్చాను. దారి మాత్రం రోజూ ఊడ్చి ఆకును పక్కకు నెట్టడం, మలుపుల దగ్గర 'నేల చూసి నడవండి' అని బోర్డులు, గేటు దగ్గర పాముకాటుకు ఏ ఆసుపత్రిలో మందు దొరుకుతుందో ఫోను నంబరుతో సహా రాసిపెట్టడం, వారానికి ఒక రోజు సెలవు. ఆయన కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చదివారు.

"సెలవు మాట దగ్గర నాకు ఇబ్బందే" అన్నారు.

"తెలుసు మాస్టారూ."

"పొదల విషయంలో అయితే సంతకం చేయనంటే చేయవు?"

"చేయనండీ."

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. సంతకం చేస్తాననీ చెప్పలేదు, చేయననీ చెప్పలేదు. మలుపు దగ్గరికి వచ్చేసరికి నా ముందు నడుస్తూ, చేతికర్రతో నేల మీద రెండుసార్లు తట్టి, ఆకుల వైపు కాసేపు చూసి, దారి మధ్యలో నుంచి నడిచారు.